ఫువ్వా మెట్ల మలుపు

సోమవారం పొద్దున ఇనాస్ వచ్చి, కిటికీ తీసి, టీ పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చునేసరికి రెండువందల పదకొండు ఊళ్లు కనిపించకుండా పోయాయి.

ఊళ్లంటే నిజం ఊళ్లు కావు, ఊళ్ల పేర్లు పెట్టుకున్న పేజీలు. తంతాలో ఒక పెళ్లికూతురు తల్లి ఫోను తీసి "పెళ్లి సామాను, తంతా" అని కొట్టిందనుకోండి, సెర్చిలో అన్నిటికన్నా ముందు ఇనాస్ రాసిన తంతా పేజీ వచ్చేది. అందులో రెండు బొమ్మలు, ఆరు వాక్యాలు, ఒక ఆకుపచ్చ బటను. బటను నొక్కితే ఆ తల్లి తిన్నగా దుమ్యాత్ నగరంలో మెత్వల్లీ హాజీగారి మంచాలూ బీరువాల షోరూం ముంగిట్లో తేలేది. జగాజీగ్ వాళ్లకు జగాజీగ్ పేజీ, మిన్యా వాళ్లకు మిన్యా పేజీ. అన్నిట్లోనూ అవే బొమ్మలు, అవే వాక్యాలు. ఊరి పేరు రావలసిన చోట ఖాళీ వదిలి, పట్టికలోంచి ఒక్కో పేరూ తెచ్చి అందులో పోస్తే సరి. మూడేళ్ల కిందట ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇనాస్ ఒక్క మధ్యాహ్నంలో పోసిన పోత అది.

మొదటి పేజీ అలెగ్జాండ్రియా కోసం రాసింది కనక "మీ సముద్రపు గాలికి చెక్కుచెదరని వార్నిష్" అని ఒక ముక్క అందులో పడింది. ఆ ముక్క అన్ని ఊళ్లకూ పాకింది. ఎడారి కొండల మధ్య ఉండే అస్యూత్ నించి ఒకాయన ఫోను చేసి, మా ఊరికి సముద్రం ఎప్పుడొస్తుందో చెప్తే ఈలోపు పడవ కొనిపెట్టుకుంటాను తల్లీ అన్నాడు. ఇనాస్ ఆ రోజంతా నవ్వుకుంది గాని వాక్యం మార్చలేదు. నడుస్తున్న బండికి చక్రం ఎవరు మారుస్తారు?

ఇప్పుడా బండి ఆగిపోయింది. ఇనాస్ తంతా కొట్టి చూసింది, లేదు. జగాజీగ్ లేదు. మన్సూరా, మిన్యా, అస్యూత్, ఏవీ లేవు. కింద షోరూంలో పనివాళ్లు మంచం కాళ్లకు మైనం రుద్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. టీ చల్లారింది. వచ్చిపోయేవాళ్ల లెక్క చూపించే గీత ఆదివారం మధ్యాహ్నం దాకా బాగానే ఎక్కి, అక్కణ్ణించి నేలకు దిగి అడ్డంగా పడుకుంది. దాని కింద ఒక ఉత్తరం ఉంది. ఈ సైటులో కొన్ని పేజీలు చదివేవాణ్ణి మరో చోటికి తోలడానికే కట్టినవని, అక్కడ ఆగినవాడికి దొరికేది ఏమీ లేదని, అందుకే వాటిని తీసేశామని, బాగుచేసుకుంటే మళ్లీ చూస్తామని అందులో రాసి ఉంది. ఈ పని తెలిసినవాళ్లు అలాంటివాటిని గుమ్మం పేజీలంటారు. గుమ్మం ఉంటుంది, వెనక ఇల్లుండదు.

ఒక్క పేజీ మాత్రం మిగిలింది. నైలు పక్కన ఇరుకు సందుల ఊరు ఫువ్వా. దాని పేజీ మొదటి స్థానంలో దర్జాగా కూర్చుని ఉంది. ఇదెందుకు మిగిలిందో ఇనాస్‌కు అప్పటికి అర్థం కాలేదు.

పది గంటలకు మెత్వల్లీ హాజీ మెట్లెక్కి వచ్చాడు. భారీ మనిషి. నడుస్తూ దారిలో ఉన్న ప్రతి చెక్క సామానునీ అరచేత్తో నిమిరి గాని ముందుకు పోడు. సంగతి విని, ఇనాస్ కుర్చీ వీపును కూడా నిమిరి, దీనికి ఇంత దిగులెందుకన్నాడు. మన్సూరాలో తన తోడల్లుడి కొట్టుకీ ఇలాగే అయిందట. వాళ్లు కొత్త పేరుతో ఇంకో సైటు తీసుకుని, అవే పేజీలు అందులో పోశారట. కనిపెట్టేలోపు ఏడాది గడిచిందట. మళ్లీ కనిపెడితే మళ్లీ పేరు మార్చడమేనట.

"గురువారానికల్లా పోసెయ్యమ్మా ఇనాస్," అన్నాడు. "ఈ పేజీల కోసమే కదా ఈ గదీ, ఈ కుర్చీ. అవి లేకపోతే నువ్విక్కడ కూర్చుని చేసేదేముంటుంది చెప్పు."

ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, అరిచినా ఇనాస్ అంత భయపడేది కాదు.

*

ఇంటికి వచ్చేసరికి అబ్దుల్ బదీ వంటగదిలో స్టూలు మీద కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నాడు. కూతురి మొహం చూసి, ఏమైందని అడక్కుండా, ఇంకో స్టూలు జరిపి, చిక్కుళ్లలో సగం ఆమె ముందుకు తోశాడు.

అబ్దుల్ బదీ ఖర్తీ. అంటే, పెళ్లి సామాను కొనడానికి దేశం నలుమూలల నించీ దుమ్యాత్‌కు వచ్చే కుటుంబాల కార్లను ఊరి మొదట్లో గుండ్రపు కూడలి దగ్గరే పట్టుకుని, మోటార్ సైకిల్ మీద పక్కపక్కనే పోతూ, కిటికీలోంచి మాటలు చెప్పి, తనకు తెలిసిన కొట్టుకు తీసుకుపోయే దళారి. బేరం కుదిరితే కొట్టువాడు కమీషన్ ఇస్తాడు. ఖర్తీ అంటే ఊళ్లో గౌరవం లేదు. పుచ్చు కర్రను మేలురకం జాన్ కర్ర అని నమ్మించి పెళ్లివాళ్లను ముంచినవాళ్లు వాళ్లలో ఉన్నారు, ఆ మాట అబ్దుల్ బదీయే ఒప్పుకుంటాడు. నిరుడు వర్తకులంతా కలిసి ఆ కూడలిలో ఒక బట్ట బోర్డు కట్టించారు. ఖర్తీల వెంట పోకండి, మోసపోకండి. ముప్ఫై ఏళ్లుగా తను నిలబడే చోట, సరిగ్గా తన నెత్తి మీద. ఎండకు నీడైనా ఇస్తోందిలే అని నవ్వాడు గాని, ఆ వారమంతా ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

షోరూంలో ఉద్యోగానికి కాగితం నింపినప్పుడు తండ్రి వృత్తి అన్నచోట ఇనాస్ "రవాణా" అని రాసింది. ఆ సంగతి తండ్రికి ఆమె చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

చిక్కుళ్లు ఒలుస్తూ ఇనాస్ జరిగిందంతా చెప్పింది. అబ్దుల్ బదీ మొదట శ్రద్ధగా విన్నాడు. సగంలో ఆయన భుజాలు కదలడం మొదలైంది. చివరికి స్టూలు మీంచి పడబోయాడు.

"అంటే నువ్వు కూడా కూడలిలో నిలబడి, వచ్చేపోయే కార్లను హాజీగారి కొట్టుకి తోలుతున్నావన్నమాట," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "అందులోనూ రెండువందల పన్నెండు కూడళ్లలో ఒకేసారి. నేను ముప్ఫై ఏళ్లు ఎండలో మాడి ఒక్క కూడలి దాటలేదు. నీకిప్పుడు బోర్డు కట్టారు, అంతే కదా తల్లీ. మన ఇంటికి రెండో బోర్డు."

ఇనాస్‌కు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఆమె ముక్కు ఎర్రబడుతుంది. ఇది ఖర్తీ పని కాదు నాన్నా, మార్కెటింగు అంది. ఆ మాట తన చెవికే డొల్లగా వినిపించింది.

అప్పుడు ఆయన, ఆ ఫువ్వా పేజీ ఎందుకు మిగిలిందో చదివి చూడమన్నాడు. ఇనాస్ ఫోను తీసి చదివింది. రెండు వాక్యాలు చదివేసరికి ఇద్దరికీ గుర్తొచ్చింది. ఆ పేజీ ఆమె ఇంట్లోనే, ఒక శుక్రవారం పొద్దున చేసింది. ఆ పూట తండ్రి ఫువ్వాలో బీరువా ఇరుక్కున్న కథ చెబుతున్నాడు. మూడో అంతస్తు మెట్ల మలుపులో అది అటు పోదు, ఇటు రాదు. పెళ్లికూతురు మేనమామ పైన ఉండిపోయాడు, ఆయన చెప్పులు కింద. మూడు రోజులు ఆ బీరువా మలుపులోనే కాపురం చేసింది. పక్కింటావిడ అందులో ఉల్లిపాయలు దాచుకుంది. ఇనాస్ నవ్వుతూ నవ్వుతూ పోత వాక్యాలకు బదులు ఇదే కొట్టేసింది. ఫువ్వా పాత ఇళ్లలో మెట్ల మలుపు ఇంతే ఉంటుంది, ఒకే ముక్కగా చేసిన పెద్ద బీరువా కొనకండి, రెండు ముక్కలుగా విప్పేది అడగండి, తాళ్లతో బాల్కనీలోంచి లాగాలంటే ముందు రోజే ఎదురింటివాళ్లకు చెప్పండి అని. తర్వాత తీసేద్దామనుకుని మరిచిపోయింది.

ఆ మధ్యాహ్నమంతా ఆఫీసులో చదివిన సెర్చివాళ్ల నియమాలను ఆమె మళ్లీ తెరిచి, ఈసారి తండ్రికి వినిపించేలా చదివింది. మధ్యవర్తిగా ఉండడం తప్పని ఎక్కడా లేదు. వేరేవాళ్ల సరుకు వైపు దారి చూపించే పేజీలు ఉండొచ్చు. కాని వాటి దగ్గర ఆగినవాడికి మరెక్కడా దొరకనిది, ఆ పేజీ తనంతట తాను తెచ్చినది, ఏదో ఒకటి ఉండాలి. ఏమీ లేకుండా మధ్యలో నిలబడితేనే తీసేస్తారు.

అబ్దుల్ బదీ ఒలిచిన చిక్కుడు తొక్కను చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. మళ్లీ చదవమన్నాడు. ఆమె మళ్లీ చదివింది.

"ఆ బోర్డు కట్టించినవాళ్లకి ఈమాత్రం తెలీలేదు చూశావా," అన్నాడు నెమ్మదిగా. "ఖర్తీలందరూ దొంగలని రాశారు. వీళ్లెవరో కాస్త విచారించి రాశారు."

*

మంగళవారం నించి రెండు రోజులు ఇనాస్ సెలవు పెట్టి, వంటగది బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుంది. ముందు చెయ్యాల్సిన పని పాత పేజీలు తీసెయ్యడం. రెండువందల పదకొండూ గుర్తు పెట్టి నొక్కితే, నిజంగానే తీసేయమంటారా అని ఒక చిన్న పెట్టె అడిగింది. మూడేళ్ల సంపాదన ఒక నొక్కులో పోతుంటే చెయ్యి ఆడలేదు. అబ్దుల్ బదీ ఆమె భుజం మీంచి తొంగిచూసి, అస్యూత్‌కు సముద్రం తెచ్చిన పేజీ కూడా పోతుందా అని అడిగాడు. పోతుంది అంది. పాపం, ఆయన పడవ కొనేశాడేమో అన్నాడు. ఆ నవ్వులో ఆమె నొక్కేసింది.

తర్వాత ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. కొట్టుకు తోలి చేతులు దులుపుకునే రకం కాదు ఆయన. ఓపిక ఉన్న రోజుల్లో సామాను లారీ ఎక్కి పెళ్లివారి ఊరి దాకా పోయేవాడు, దింపించేవాడు, పెళ్లి భోజనం తిని వచ్చేవాడు. ఆ ఊళ్లు ఆయనకు వీధుల పేర్లతో గుర్తుండవు, పెళ్లికూతుళ్ల పేర్లతో గుర్తుంటాయి. మహల్లాలో మిల్లు పనివాళ్ల ఇళ్లంటే ఆయనకు రావియా పెళ్లి. అక్కడ వీధి తలుపు తీస్తే స్నానాలగది తలుపుకు కొట్టుకుంటుంది, కనక ఫ్రిజ్ ముందు పోవాలి, మంచం తర్వాత. పోర్ట్ సయీద్ అంటే నజ్వా పెళ్లి. ఆ పాత కర్ర బాల్కనీలకు తాడు కట్టకూడదు, బీరువాతో పాటు బాల్కనీ కూడా కిందికి వస్తుంది. ఇస్మాయిలియాలో రోడ్డు మీదికి వంగిన చెట్లున్నాయి, పింగాణీ సామాను పెట్టుకునే గాజు తలుపుల అల్మారాను, అదే నీష్‌ను, లారీలో నిలబెట్టి తీసుకుపోతే కొమ్మ తగిలి పగులుతుంది, పరుపుల మధ్య పడుకోబెట్టాలి. మతరియ్యా చెరువు గట్టు ఇళ్లలో గోడకు చెమ్మ ఎక్కువ, బీరువా వెనక నాలుగు వేళ్లు సందు వదలాలి.

"అస్యూత్?" అంది ఇనాస్.

"అస్యూత్‌లో ఎండకు కర్ర బీటలిస్తుంది తల్లీ. కర్ర ఎన్నాళ్లు ఆరబెట్టారని అడిగి మరీ కొనుక్కోమను. సముద్రం సంగతి ఎత్తకు."

కొలతలు ఆయన జానల్లోనే చెప్పేవాడు. దసూక్ మెట్లు నాలుగు జానలు, మలుపు దగ్గర ఐదుకి రెండు వేళ్లు తక్కువ. ఇనాస్ టేపు తెచ్చి ఆయన అరచెయ్యి బల్ల మీద చాపించి కొలిచింది. బొటనవేలి చివర నించి చిటికెనవేలి చివర దాకా ఇరవైమూడు సెంటీమీటర్లు. ఆ చేతిని ఆమె ఎప్పుడూ అంత సేపు చూడలేదు. హాండిలు పట్టుకునే చోట కాయలు కాసి, వేళ్ల కణుపులు నల్లబడి ఉన్నాయి. కొలత అయిపోయాక కూడా కాసేపు ఆ చెయ్యి వదల్లేదు. ఆయన, ఏం, ఇంకో వేలు మొలిచిందా అన్నాడు.

బుధవారం సాయంత్రానికి పద్నాలుగు ఊళ్లు అయ్యాయి. ఇనాస్ మూడేళ్లలో ఇంత సంతోషంగా పని చేసింది లేదు. ఒక ఊరి పేజీలో మాట ఇంకో ఊరికి అతకదు. ప్రతి పేజీ మొదలుపెట్టినప్పుడల్లా కొత్తగా రాయాల్సిందే. ఆయన చెప్పడం, ఆమె ఎదురు ప్రశ్న వెయ్యడం, ఇద్దరూ వాదించుకోవడం. అన్నం మాడింది కూడా.

చివరికి ఒక్క వాక్యం దగ్గర ఆగింది. ఈ సంగతులు ఎవరు చెబుతున్నారో చదివేవాళ్లకు తెలియాలి కదా. "అనుభవజ్ఞుల సలహా" అని కొట్టింది. చూస్తే అది కూడా అస్యూత్ సముద్రంలాగే ఉంది. చెరిపేసింది. తండ్రి పక్క గదిలో నమాజు చేసుకుంటున్నాడు. ఆమె గబగబా కొట్టింది: ఈ సంగతులు చెప్పినవాడు అబ్దుల్ బదీ, ముప్ఫై ఏళ్లుగా దుమ్యాత్ కూడలిలో ఖర్తీ. ఆ వాక్యం ఫువ్వాతో సహా పదిహేను పేజీల కిందా పెట్టింది. "మా నాన్న" అన్న మాట మాత్రం వేళ్ల చివరి దాకా వచ్చి ఆగిపోయింది. అది కొట్టకుండానే పేజీలు పైకి పంపేసింది. బాగుచేశాం, మళ్లీ చూడండని సెర్చివాళ్లకూ ఉత్తరం రాసింది.

*

గురువారం మెత్వల్లీ హాజీ కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, తెరకు ముక్కు ఆనించి పద్నాలుగు పేజీలూ చదివాడు. చదువుతున్నంత సేపూ బల్ల అంచును నిమురుతూనే ఉన్నాడు. పదిహేనోది ఫువ్వా పేజీ. అక్కడికొచ్చేసరికి చెయ్యి ఆగింది.

"ఒకే ముక్క బీరువా మీ మెట్లెక్కదు, కొనకండి అని మన కొట్టు పేజీలో మనమే రాశామా?"

"ఎక్కదు కదండీ హాజీగారూ."

"ఎక్కదు. ఆ సంగతి కొన్నాక తెలుస్తుంది వాళ్లకి."

అన్నాక తను అన్నది తనకే వినిపించినట్టుంది, కాస్త దగ్గాడు. దగ్గి, వేలు కింది వాక్యం మీద పెట్టాడు. ఖర్తీ పేరు తన పేజీలోనా. కూడలిలో ఆ బోర్డుకు అందరికన్నా ముందు బట్ట కొనిచ్చింది తను. రేపు వర్తకుల సంఘంలో తల ఎక్కడ పెట్టుకోవాలి. ఇంతకీ ఎవడీ అబ్దుల్ బదీ?

ఇనాస్ నోరు తెరిచింది. కింద ఎవరో రంపం ఆపారు. ఆ నిశ్శబ్దంలో జవాబు చెప్పడం ఎంతో తేలిక.

"మెట్లు తెలిసినవాడండీ," అంది.

హాజీ శనివారం సాయంత్రం దాకా గడువిచ్చాడు. ఈ పేజీలు, ఆ పేరు, అన్నీ తీసెయ్యాలి, కొత్త సైటులో పాత పోత పొయ్యాలి. కాదంటే ఆదివారం నించి రానక్కర్లేదు. ఈసారి కూడా మెత్తగానే అన్నాడు.

శుక్రవారం ఇంట్లో బాతు వండారు. దుమ్యాత్ పద్ధతిలో కడుపు నిండా ఉల్లిపాయలు కూరి, నెయ్యి కారుతూ ఉంది. ఇనాస్‌కు ముద్ద దిగలేదు. హాజీ అడిగిందీ, తను చెప్పిందీ తండ్రికి చెప్పేసింది. చెప్పకపోతే ఇంకా దిగేలా లేదు. మా నాన్న అని చెప్పలేకపోయాను, నోరు రాలేదు అంది.

"మెట్లు తెలిసినవాణ్ణే కదా," అన్నాడు అబ్దుల్ బదీ. "అబద్ధమేం చెప్పావు?"

అని, పెద్ద కాలు తుంచి ఆమె పళ్లెంలో వేశాడు. తిట్టినా బాగుండేది. ఇనాస్ కళ్లు తుడుచుకుని ఆ బాతు కాలు మొత్తం తినేసింది. ఏమైనా సరే పేజీలు మాత్రం తీయనని ఆ తినడంలోనే తేల్చుకుంది.

*

శనివారం పదకొండు గంటలకు షోరూం ఎదర ఒక మైక్రోబస్సు ఆగింది. ఇనాస్ కిటికీలోంచి చూసింది. ముందు ఒక డప్పు దిగింది, తర్వాత డప్పు పట్టుకున్న పిల్ల, తర్వాత ఏడుగురు ఆడవాళ్లు, ఆఖర్న సిగ్గుపడుతూ పెళ్లికూతురు. బస్సు ముందు ఒక పాత మోటార్ సైకిల్ ఉంది. దాని మీది మనిషి షోరూం వైపు చెయ్యి చూపించి, బండి వెనక్కి తిప్పుకుంటున్నాడు. ఇనాస్ మెట్ల దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది.

వాళ్లు ఫువ్వా నించి వచ్చారు. పెళ్లికూతురు నిస్రీన్, తల్లి పేరు సఅదియా. లోపలికి అడుగుపెట్టీ పెట్టకముందే ఆ తల్లి ఫోను హాజీ మొహం ముందు పెట్టి తమకేం కావాలో చెప్పేసింది. మంచం ఈ కొట్టుదే కావాలి, ఫోటోలో చూసి పిల్ల మనసు పడింది. నీష్ కూడా. బీరువా మాత్రం రెండు ముక్కలుగా విప్పేలా చేసిస్తేనే, లేకపోతే అసలు బేరమే వద్దు. ఆమె అత్తగారి బీరువా పాతికేళ్ల కిందట ఆ మెట్ల మలుపులో ఇరుక్కుని కోసి దింపాల్సి వచ్చిందట. ఇన్ని కొట్లవాళ్లు ఇన్ని రాస్తారు, తమ మెట్ల గురించి రాసినవాణ్ణి ఈ ఒక్కణ్ణే చూశానంది. నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చింది ఆ మనిషి కోసమే.

ఆయన్ని పట్టుకోవడం మరీ కష్టమైందట. కూడలిలో బస్సాపి అబ్దుల్ బదీ ఎవరని అడిగితే, మోటార్ సైకిల్ మీదున్న ఒకాయన మొహం పాలిపోయి, వాడేం తప్పు చేశాడండీ, కనిపిస్తే నేను మందలిస్తాను అన్నాడట. ఎంతోసేపు బతిమాలాక, నేనే అని ఒప్పుకున్నాడట. ఇది వినగానే మంచాలకు మైనం రుద్దుతున్నవాళ్లు కూడా పని ఆపి నవ్వారు.

హాజీ నవ్వలేదు. ఫోను తీసుకుని ఆ పేజీ మళ్లీ చదివాడు. చదివి, పెద్ద వడ్రంగిని కేకేసి, కొట్లో ఉన్న మూడు మీటర్ల బీరువాను నడిమికి విడదీసి బోల్టులతో బిగించడానికి ఎన్నాళ్లు పడుతుందని అడిగాడు. వడ్రంగి, నాలుగు రోజులు, అది మొదట్నించీ అలాగే చెయ్యమని మీతో మొత్తుకుంటున్నాను హాజీగారూ అన్నాడు. ఎన్నో ఏళ్లుగా నేను చెబుతున్నదీ అదే అన్నాడు హాజీ. కొత్త సైటు మాట ఆ తర్వాత ఆయన నోట ఎప్పుడూ రాలేదు.

"మరి ఆయనేడీ?" అంది సఅదియా చుట్టూ చూసి. "కొలతలు చెప్పాల్సినవాడు ఆయన. ఆయన లోపలికి రాకపోతే మేమూ కూర్చోం."

అబ్దుల్ బదీ రోడ్డుకు అవతలి పక్క, బండి మీంచి దిగకుండా, ఎండలో ఉన్నాడు. హాజీ గుమ్మం దాకా వెళ్లి రమ్మని చెయ్యి ఊపాడు. ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని వంగి, తనకు ఇక్కడ బాగానే ఉందని, అల్లా వారికి బరకత్ ఇవ్వాలని అన్నాడు. ఈలోపు ఇనాస్ మెట్లు దిగి, ఆడవాళ్లను తోసుకుని, గుమ్మం దాటి వీధిలోకి వచ్చింది. అబ్దుల్ బదీ ఆమెను చూశాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. తెలియని ఆఫీసు అమ్మాయిని పలకరించినట్టు తల వంచాడు.

"సలాం ఉస్తాజా," అన్నాడు.

పరాయి ఆఫీసు అమ్మగార్లను పిలిచే పిలుపది. ఇనాస్ రోడ్డు దాటింది. మోటార్ సైకిల్ తాళం తిప్పి, ఊడదీసి, తన గుప్పిట్లో పెట్టుకుంది.

"నాన్నా, ఎండలో నిలబడ్డావేం? లోపలికి రా."

వీధికంతా వినిపించేలా అంది. పక్క కొట్టువాడు తల బయటపెట్టాడు. హాజీ ఆయన వైపూ ఆమె వైపూ చూశాడు. ఇద్దరిదీ అదే ముక్కు, ఇద్దరిదీ ఎర్రబడి ఉంది. చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"పేరు తెలీదు గాని నీ మొహం ఎరుగుదును. మూడేళ్లుగా నా కొట్టుకి ఒక్క కారు కూడా తీసుకురాని ఖర్తీ నువ్వొక్కడివేనయ్యా," అన్నాడు. "నేనంటే నీకు పడదనుకున్నాను."

"పడకేం హాజీగారూ. అమ్మాయి ఇక్కడ కూర్చుంటుంది కదా. వాళ్ల నాన్న ఖర్తీ అని నలుగురూ అనుకునే కంటే... వేరే కొట్లు లేవా ఏం."

ఇనాస్‌కు ఈ సంగతి ఇప్పుడే తెలిసింది. ఊళ్లోకల్లా పెద్ద కమీషన్ ఇచ్చే కొట్టు ఇదని ఆమెకు తెలుసు. ఆ మూడేళ్లూ ఆయన కార్లను ఈ వీధి మొదట్లోంచే పక్కకు తిప్పాడన్నమాట. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది.

హాజీ గుమ్మానికి అడ్డంగా ఉన్నవాడు పక్కకు జరిగి, తన కుర్చీ తెప్పించమని లోపలికి కేకేశాడు. అబ్దుల్ బదీ గుమ్మం దగ్గర ఆగి, చెప్పుల దుమ్ము దులుపుకుని, కుడికాలు లోపల పెట్టాడు. సరిగ్గా అప్పుడే సఅదియా తల వెనక్కి వాల్చి, పెళ్లికొడుకు ఇంట్లో అడుగుపెట్టినప్పుడు వేసే నిడుపాటి పెళ్లికేక వేసింది. మిగిలిన ఆరుగురూ అందుకున్నారు, డప్పు మోగింది.

ఎవరొస్తున్నారా అని అబ్దుల్ బదీ వెనక్కి తిరిగి చూశాడు.